వంతు తప్పిన బతుకమ్మ

బతుకమ్మకు టేపు పెట్టి కొలవడం నేను నా కళ్ళతో చూశాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. పరుగుకు పోటీ పెట్టారంటే అర్థం చేసుకోవచ్చు. ముగ్గులకు పెట్టారన్నా సరే అనుకోవచ్చు. గెలుపూ ఓటమీ అనే మాటే లేని ఆటకు పోటీ తెచ్చి తగిలించిన ఆ మహానుభావుణ్ణి ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది మేడ్చల్ దాటి అత్వెల్లికి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలున్న బస్తీ. మా నాయిన జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. మా గోడ అవతలి ఇంటాయనకు మేడ్చల్ రోడ్డు మీద వెల్డింగ్ షాపు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. మాకూ వాళ్ళకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా మా అమ్మ, ఆయన భార్య ఒకరినొకరు ‘వదినా’ అని పిలుచుకునేవాళ్ళు కాబట్టి ఆమె నాకు అత్త, ఆయన మామ. వాళ్ళ బిడ్డదీ నాదీ ఒకే ఈడు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, అదే నా దోస్తు.

మా దగ్గర పెద్ద బతుకమ్మ ఒంటరిగా పోదు. పక్కన ఒక చిన్నది ఉండాలి. దాన్ని తోడు బతుకమ్మ అంటాం. మామూలుగా ఏ ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే రెండూ పేర్చుకుంటారు. మా రెండిళ్ళ పద్ధతి వేరు. ఒక ఏడు పండుగ ఆఖరి రోజు, సద్దుల నాటి పెద్ద బతుకమ్మ మా ఇంటిది, చిన్నది అత్త వాళ్ళది. మరుసటి ఏడు పెద్దది వాళ్ళది, చిన్నది మాది. ఈ వంతు మా అవ్వ పెట్టిందట. “గోడకు ఇవతల ఒకటి, అవతల ఒకటి, రెండు పెద్దయి ఎందుకే? పూలకు గూడ పంపకాలేంది?” అన్నదట. అవ్వ పోయాక కూడా వంతు తప్పలేదు. నాకు ఊహ తెలిసిన తొంభైల నుంచీ అదే చూస్తూ పెరిగాను.

సద్దుల నాడు పొద్దున్నే మా అరుగు మీద పూలు కుప్ప పోసేవాళ్ళు. గునుగు, తంగేడు, బంతి, పట్టుకుచ్చులు, కట్లపూలు. ఎవరు తెచ్చినవి ఎన్నని అడిగేవాళ్ళు లేరు. నేనూ నా దోస్తూ గునుగు కొసలు సమంగా కోసి రంగు నీళ్ళలో ముంచి ఇస్తుంటే, అమ్మా అత్తా ఎదురుబొదురు కూర్చొని పేర్చేవాళ్ళు. పెద్దది పేర్చడం గొప్ప, చిన్నది పేర్చడం తక్కువ అన్న ఆలోచన వాళ్ళిద్దరికీ ఉన్నట్టు నేనెన్నడూ చూడలేదు. పైగా చిన్నదే కష్టమని అమ్మ అనేది. పెద్దదానిలో వంకర దాగిపోతుందట, చిన్నదానిలో ఒక్క పువ్వు పక్కకు జరిగినా కనబడుతుందట.

సాయంత్రం పెద్దదాన్ని ఒకరు, చిన్నదాన్ని ఒకరు తల మీద పెట్టుకొని మా ఊరి చెరువుకు నడిచేవాళ్ళం. గొంతులు పోయేదాకా ఆడి పాడి, రెండింటినీ ఒకేసారి నీళ్ళలోకి వదిలేవాళ్ళు. ఆ తర్వాత మలీద. రొట్టెలో బెల్లం వేసి దంచిన ఆ ముద్దల కోసమే మేం చెరువు దాకా నడిచేవాళ్ళమని చెప్పినా తప్పులేదు. ఇస్తినమ్మ వాయనం అని ఒకరంటే పుచ్చుకుంటినమ్మ వాయనం అని ఇంకొకరు కొంగు పట్టేవాళ్ళు. మా డబ్బాలోది వాళ్ళింటికి పోయేది, వాళ్ళ డబ్బాలోది మా ఇంటికి వచ్చేది. ఎవరి మలీద వాళ్ళే తినడం మాకు తెలియదు.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా నాయిన కంపెనీ నుంచి వస్తూ ఒక రంగుల కరపత్రం పట్టుకొచ్చాడు. శామీర్‌పేట వైపు ఒక పెద్ద భూముల ఇంటి మనిషి అప్పుడప్పుడే నాయకుడు అవుతున్నాడు. మా వైపు మెట్ట చెలకలు కూడా కొని ప్లాట్లు చేస్తున్నాడు. ఆయన శామీర్‌పేట చెరువు దగ్గర బతుకమ్మ పోటీలు పెడుతున్నాడని అందులో ఉంది. అందరికన్నా ఎత్తైన బతుకమ్మకు మొదటి బహుమతి ఫ్రిడ్జి. కరపత్రం మీద ఫ్రిడ్జి బొమ్మ పెద్దగా, అమ్మవారి బొమ్మ చిన్నగా, ఆయన బొమ్మ అన్నిటికన్నా పెద్దగా ఉన్నాయి.

ఆ రాత్రి అన్నం తింటూ నాయిన మొదలుపెట్టాడు. “అందరికన్న ఎత్తు పేరిస్తే ఫ్రిడ్జట.”

“మంచిదే,” అంది అమ్మ. “ఈయేడు పెద్దది వదినె వంతు. ఎత్తుగ పేర్చుమని చెప్తా.”

“గంతే. ఇగ ఫ్రిడ్జి వాళ్ళింట్ల కూసుంటది.”

“కూసోనీ. మన పాలు ఆమె ఫ్రిడ్జిల పెట్టుకోమా ఏంది?”

“ఒకలింట్ల పెట్టుకునుడేంది? మనకేం తక్వ? మనం గూడ పెద్దదే పేరుద్దాం.”

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. “మరి చిన్నది ఎవలు పేరుస్తరు?”

నాయిన మజ్జిగ పోసుకున్నాడు.

అమ్మ మొదట్లో వినలేదు. చిన్నదానికని తాంబాళం తోమి ఎండకు పెట్టింది. మర్నాడో ఆ మర్నాడో గోడ అవతల నుంచి వెల్డింగ్ చప్పుడు వినిపించింది. మామ ఎప్పుడూ ఇంట్లో ఆ పని పెట్టుకోడు. నేను గోడ మీదికి ఎగబాకి చూశాను. ఇనుప చువ్వలతో కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా మనిషికి మించిన ఎత్తున ఒక బుట్టలాంటిది నిలబెడుతున్నాడు. అత్త పక్కనే చువ్వ పట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది. చిన్నప్పటి నుంచీ నన్ను చూస్తే ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపని మనిషి.

నేను దిగి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మకు కోపం వచ్చింది పోటీకి పోతున్నందుకు కాదు. “ఒక్క మాట జెప్తె నేనేమన్న అడ్డం పడుతున్ననా?” అని ఆ ఒక్క మాటే గిన్నెలు సర్దుతూ, పొయ్యి ఊదుతూ అంటూనే ఉంది. సాయంత్రం నాయిన రాగానే “తేపో, ఏం తెస్తవో తేపో” అంది. నాయినకు కావలసింది అదే.

మర్నాడు సైకిల్ వెనక కట్టుకొని తెల్లటి తర్మకోల్ ముక్కలు తెచ్చాడు. కంపెనీలో మిషన్లు వచ్చిన పెట్టెల్లోవి, పారేసేవి. వాటిని కత్తితో గుండ్రంగా కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, లోపల కర్ర దిగ్గొట్టి మనిషెత్తు గోపురం చేశాడు. ఇద్దరు మగవాళ్ళూ ఏనాడైనా ఒక్క తంగేడు రెమ్మ తుంచిన పాపాన పోలేదు. అలాంటిది ఇప్పుడు గోడకు అటొకరు ఇటొకరు బతుకమ్మలో మునిగిపోయారు. ఆడవాళ్ళ ఆటలోకి మగవాళ్ళు దూరడమే తప్పు అని నేను అనడం లేదు. ఆడుకుందామని దూరి ఉంటే బాగుండేది.

పూలకు కరువొచ్చింది. గునుగు ఎవరూ వేసే పంట కాదు. చెలకల్లో దానంతటదే మొలుస్తుంది. నా దోస్తూ నేనూ ప్రతి ఏడూ కలిసి పోయి కోసేవాళ్ళం. మొక్కను వేరుతో సహా పీకొద్దని, కొన్ని మొక్కలు విత్తనానికి వదలమని అవ్వ నేర్పింది. ఆ ఏడు “ఒక్కదానివే పో, యాడికి పోతున్నవో చెప్పకు” అని నాయిన పంపాడు. నేను పోయిన చెలకలో అప్పటికే ప్లాట్ల రాళ్ళు పాతారు. రాళ్ళ మధ్య మిగిలిన గునుగు అటు చివర నుంచి ఎవరో కోస్తున్నారు. చూస్తే నా దోస్తే. దాన్నీ అట్లాగే చెప్పి పంపి ఉంటారు. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నేను ఇటు నుంచి, అది అటు నుంచి, చేతులు కోసుకుపోతున్నా ఆగకుండా పీకుతూ మధ్యకు వచ్చాం. అక్కడికి చేరేసరికి చెలకలో రాళ్ళు తప్ప ఏమీ లేవు. మరుసటి ఏడు అక్కడ ఒక్క గునుగు మొలవలేదు.

దీంట్లో నాకు మంట పుట్టించే సంగతి ఇంకోటి ఉంది. ఆ చెలకను ప్లాట్లు చేసినవాడూ, గునుగు బతుకమ్మ ఎత్తుగా పేర్చిన వాళ్ళకు ఫ్రిడ్జి ఇస్తానన్నవాడూ ఒక్కడే. పూలు మొలిచే నేల తను తీసుకొని, మిగిలిన నాలుగు పూల కోసం మమ్మల్ని కొట్టుకోమన్నాడు. మేం కొట్టుకున్నాం కూడా.

తర్మకోల్ మీద పూలు నిలవవు కదా. గుండు పిన్నులు డబ్బాలు డబ్బాలు తెచ్చి ఒక్కో పువ్వుకూ పిన్ను గుచ్చాం. “అమ్మవారికి సూదులు గుచ్చుడేందిరా దేవుడా,” అని అమ్మ గొణుగుతూనే గుచ్చింది. సాయంత్రానికి ఆమె వేళ్ళ నిండా గాట్లు పడ్డాయి. పైన పెట్టే పసుపు గౌరమ్మను నాయిన తనే చేస్తానన్నాడు. మామూలుగా అది ఉసిరికాయంత ఉంటుంది. నాయిన దాన్ని సాగదీసి సాగదీసి సొరకాయంత చేశాడు.

శామీర్‌పేట చెరువు మాకు నడిచే దూరం కాదు. తల మీద మోసే బరువూ కాదు. ట్రాలీ ఆటోలు మాట్లాడారు. మామ వాళ్ళ ఇనుప బతుకమ్మను నలుగురు మగవాళ్ళు మోసి ఎక్కించారు. మేం ఒక ఆటోలో, వాళ్ళు ఒక ఆటోలో. దారి పొడుగునా ముందు మా ఆటో పోతే వాళ్ళు దాటించడం, వాళ్ళు పోతే మేం దాటించడం. ఎవరు ముందు చేరితే ఏమొస్తుందో ఆ డ్రైవర్లకే తెలియాలి.

చెరువు దగ్గర షామియానా, కుర్చీలు, మైకు ఉన్నాయి. ప్రతి బతుకమ్మకూ ఒక నంబరు చీటీ గుచ్చారు. కొలతలు అయ్యేదాకా ఎవరి బతుకమ్మ దగ్గర వాళ్ళే నిలబడాలని మైకులో చెప్పారు. అంతమంది ఆడవాళ్ళం పట్టుచీరలు కట్టుకొని, తలో బతుకమ్మకు కాపలాగా నిలబడ్డాం. పక్కవాళ్ళ కొంగు తగిలి పువ్వు రాలుతుందేమోనని ఒకరినొకరు దూరం జరగమనడమే సరిపోయింది. ఒక్కరూ ఆడలేదు. పాట మైకులోంచి వస్తోంది. ఎవరి గొంతులోంచీ రాలేదు. పొద్దు గూకుతుంటే మా ఊరి చెరువు దగ్గర ఈపాటికి ఎన్ని చుట్లు తిరిగి ఉండేవాళ్ళమో అనిపించి నాకు ఏడుపొచ్చింది.

కొలవడానికి వచ్చినవాణ్ణి నేను గుర్తుపట్టాను. మా చెలకల్లో ప్లాట్లు కొలిచిన మనిషే. టేపు కూడా అదే అయి ఉంటుంది. మా దాని దగ్గర ఆగి, టేపు కింద ఆనించి, పైకి లాగి, “గౌరమ్మను కొలవం. పూల దాకనే” అన్నాడు.

నాయిన అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. “గౌరమ్మను లెక్కపెట్టకుంటే అది బతుకమ్మ ఎట్లయితది? పూలకుప్ప అయితది.”

పక్కనుంచి మామ అందుకున్నాడు. “పసుపు ముద్దను గోపురం లెక్క సాగదీసి ఎత్తు జూపిస్తుండు. కొలువకు సారూ.”

“నువ్వు ఇనుప చువ్వలు నిలబెట్టి నాకు చెప్తున్నవా బావా?”

“నీది తెల్ల డబ్బా. లోపట పువ్వే లేదు.”

గౌరమ్మను కలిపితే మాది ఎత్తు, కలపకపోతే వాళ్ళది ఎత్తు. తేడా నా బెత్తెడంత కూడా లేదు. ఆ బెత్తెడు కోసం, ఒకరి పెళ్ళికి ఒకరు పందిరి గుంజలు మోసిన ఇద్దరు మగవాళ్ళు అంతమందిలో చొక్కాలు పట్టుకున్నారు. పాత సంగతులన్నీ తవ్వి పోసుకున్నారు. అమ్మ, అత్త చెరో పక్క తల దించుకొని నిలబడ్డారు.

ఇంతలో పెద్ద చప్పుడుతో ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో మా రెండింటినీ కలిపి నిలబెట్టినంత ఎత్తు బతుకమ్మ. నాయకుడి మరదలు పేర్చిందట. పేర్చడానికి పని మనుషులు ఎంతమందో మరి. ఫ్రిడ్జి ఆ ట్రాక్టరులోనే తిరిగి వెళ్ళిపోయింది. పిల్లులు రెండూ తగువు పడితే రొట్టె ఎవరిదైందో మనకు చిన్నప్పుడే చెప్పారు. చెప్పి ఏం లాభం? మా ఇంటికి ఒకటి, అత్త వాళ్ళకు ఒకటి ప్లాస్టిక్ జగ్గులు ఇచ్చారు. రెండూ ఒకే రంగు.

చెరువులోకి వదలడం ఇంకా మిగిలే ఉంది. మామ వాళ్ళది నీళ్ళలోకి దించగానే బుడుంగున మునిగింది. పువ్వు పైకి తేలలేదు, బుడగలు తేలాయి. మాది మునగనే లేదు. అమ్మ దణ్ణం పెట్టి, పోయిరా అని నీళ్ళలోకి తోసింది. తర్మకోల్ కదా, అల మీద ఊగుతూ మళ్ళీ అమ్మ కాళ్ళ దగ్గరకే వచ్చింది. మళ్ళీ తోసింది. మళ్ళీ వచ్చింది. గట్టు మీద జనం నవ్వడం మొదలుపెట్టారు. సాగనంపిన బతుకమ్మ తిరిగి రావడం మంచిది కాదని అమ్మ నమ్మకం. మోకాలి లోతు నీళ్ళలో చీర తడిసి, దాన్ని తోస్తూ తోస్తూ ఏడ్చేసింది.

అప్పుడు అత్త కదిలింది. చెంగు నడుముకు దోపుకొని నీళ్ళలోకి ఒక అడుగు వేసింది. నేను చూశాను. ఆమె చేయి వేస్తే ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి నెట్టేసేవాళ్ళు. ఆ ఒక్క అడుగుతో అంతా సర్దుకొని ఉండేది. గట్టు మీద నుంచి మామ అరిచాడు. “నీకెందుకే? రా ఇటు!” అత్త ఆగింది. అమ్మ వైపు చూసింది. అమ్మ మొహం తిప్పేసుకుంది. అత్త వెనక్కి వెళ్ళిపోయింది.

నాయిన చివరికి ఒక కర్ర తెచ్చి తర్మకోల్‌ను ముక్కలు చేశాడు. ముక్కలు గట్టు వెంబడి తెల్లగా తేలుతూ ఉండిపోయాయి. ఆ రాత్రి మా మలీద డబ్బా నిండుగా ఇంటికి వచ్చింది. వాళ్ళ డబ్బా కూడా అట్లాగే వెళ్ళి ఉంటుంది. పాచి వాసన వచ్చేదాకా అదే తిన్నాం. వాళ్ళూ వాళ్ళింట్లో అంతే.

ఆ తర్వాత జరిగిందంతా ఆ టేపు కొనసాగింపే. ఏడాది తిరక్కుండా రెండిళ్ళలోనూ రెండు ఫ్రిడ్జిలు వచ్చాయి. మామ గోడ ఎత్తు పెంచాడు. నాయిన దాని మీద ఇంకో వరస ఇటుక పెట్టాడు. నా ఇంటర్ మార్కులు వచ్చిన రోజు నాయిన నన్ను అడిగిన మొదటి మాట, “దానికెన్నొచ్చినయ్?” నాకెన్నో అడిగింది ఆ తర్వాత. నా దోస్తును కూడా వాళ్ళింట్లో అట్లాగే అడిగారట. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరం ఒకరి మార్కులకు ఒకరం భయపడే స్థితికి వచ్చాం. దేనికైనా సరే ఒక కొలత దొరికితే చాలు, మా రెండిళ్ళూ దాని కిందికి పోయి నిలబడేవి. కొలవడం ఆపమని మాలో ఒక్కరికీ అనిపించలేదు.

నా దోస్తు పెళ్ళయి కౌకూర్‌కు పోయింది. నేను డిగ్రీ చేసి జీడిమెట్లలో ఒక ఆఫీసులో చేరాను. మేమిద్దరం సెల్‌ఫోన్లు వచ్చాక మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఇళ్ళల్లో చెప్పలేదు. మా నాయినకూ మామకూ ఇప్పుడు ఒకరినొకరు తిట్టుకునే ఓపిక కూడా తగ్గింది. పోటీలు మాత్రం ఊరూరా పెరిగాయి. వాటికి మా రెండిళ్ళ నుంచీ ఎవరూ పోవడం లేదు.

అమ్మ ఆ పోటీ తర్వాత ఒక్క ఏడు కూడా పెద్ద బతుకమ్మ పేర్చలేదు. ప్రతి సద్దులకూ తాంబాళంలో ఒక చిన్నది పేరుస్తుంది, అంతే. ఎన్నో ఏళ్ళు అది ఓపిక లేక అనుకున్నాను. మొన్నటి సద్దులకు ఉండబట్టలేక అడిగాను.

“ఎప్పుడు జూసినా చిన్నదే పేరుస్తవేందమ్మా?”

“ఈసారి చిన్నదే నా వంతు,” అంది, పువ్వు మీద నుంచి చూపు ఎత్తకుండా. “పెద్దది వదినెది. అప్పుడు తప్పింది గద. ఆ వంతు తీరందే ఇంకో వంతు ఎట్లొస్తది?”

ఇన్నేళ్ళుగా అమ్మ అదే ఏడులో ఆగిపోయి ఉంది. మేడ మీదికి పోయి కౌకూర్‌కు ఫోన్ చేశాను. నా దోస్తు అంతా విని చెప్పింది. “మా అమ్మ ఏటా పెద్దదే పేరుస్తది. పక్కన చిన్నది పెట్టుకోమంటె వినదు. అది మీ అమ్మ తేవాల్నంట.”

నేను మెట్లు దిగడం కాదు, దూకాను. “అమ్మా, అత్త పెద్దది పేర్చి పెట్టుకుంది. నీ చిన్నది పట్టుకొని పో. గోడ అవతలే గదా! ఇప్పుడే పో!”

అమ్మ చేతులు ఆగాయి. కళ్ళు మెరిశాయి, నేను చూశాను. తాంబాళం ఎత్తి ఒడిలో పెట్టుకుంది. లేవబోయింది. అంతలోనే మళ్ళీ కూర్చుంది.

“ముందు ఆమెను రానీ,” అంది.

మళ్ళీ పైకి పోయి ఫోన్ చేశాను, మీ అమ్మను ఒక్కసారి మా గేటు దాకా పంపమని బతిమాలాను. అది వాళ్ళమ్మకు ఫోన్ చేసి, మళ్ళీ నాకు చేసింది.

“ముందు వాళ్ళను రమ్మను అంటుందే.”

ఆ సాయంత్రం మా ఊరి చెరువుకు అత్త పెద్ద బతుకమ్మతో ముందు నడిచింది. అమ్మ చిన్నదానితో కాస్త వెనకగా నడిచింది. అత్త వదిలి గట్టెక్కిన తర్వాత అమ్మ నీళ్ళలోకి దిగింది. ఇంటికి వచ్చి మలీద డబ్బా నా ముందు పెట్టింది. మూత తీస్తే అంచుల దాకా ఉంది.